పత్తి ఏరే దాకా దేన్నీ అమ్మకండి

ప్రశ్న: పరకాల దగ్గరి పల్లె మాది. నేను హైదరాబాద్ల మందుల కంపెనీల పని చేస్త. నాయన 58 ఏండ్లకే గుండెపోటుతోని పోయిండు. రెండున్నర నెలలైంది. రైతుబీమా ఐదు లక్షలు అమ్మ ఖాతాల పడ్డయి. పడ్డ రోజు నుంచి తలా ఒక మాట. చెల్లె భర్త కొంత సర్దుమంటుండు, పెదనాయన ఊళ్ళె బాకీలు కట్టుమంటుండు. మూడెకరాల భూమి నాయన పేరు మీదనే ఉంది, ఇప్పుడు పత్తి ఉంది. అది అమ్మి హైదరాబాద్ల ప్లాటు కొనుమని సోపతిగాండ్లు అంటున్నరు. అమ్మకు 54 ఏండ్లు, షుగర్, బీపీ ఉన్నయి. ఒక్కతే ఉంటది, సరిగ తింటలేదు. నా దగ్గరికి రమ్మంటే రాదు. నాయనమ్మ పెదనాయన ఇంట్ల ఉంటది. బతుకమ్మకు చెల్లెను తోలుకరావాల్నా వద్దా అని ఇంట్ల పంచాయితీ. నేనైతే ఇప్పటిదాక ఏడ్వలే. నాలో ఏదన్న లోపం ఉన్నదా?

జవాబు: తమ్ముడూ, మీరు ఆఖరున అడిగిన దాని దగ్గరికి తప్పక వస్తాను. అంతకంటే ముందు అమ్మ మాత్రల సంగతి చూడాలి, అది ఈ రోజే చూడాల్సిన పని.

అమ్మ సరిగా తినడం లేదని రాశారు, షుగర్ ఉందని కూడా రాశారు. ఈ రెండూ కలిస్తే ప్రమాదం. ఆమె వేసుకునే షుగర్ మాత్రల పట్టీ మీద ఏం పేరుందో ఫోన్లో చదివించుకోండి, లేదా పక్కింటి పిల్లలతో ఫొటో పంపించుకోండి. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి పేర్లుంటే, అన్నం తినకుండా ఆ మాత్ర వేసుకున్నప్పుడు షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే ఆ భయం తక్కువ. కానీ చాలా మాత్రల్లో రెండూ కలిపే ఉంటాయి. చల్లచెమటలు, చేతుల వణుకు, గుండెదడ, మాట తడబడటం, ఇవన్నీ షుగర్ పడిపోయిన గుర్తులే. ఇంట్లో చావు జరిగాక ఇవి కనిపిస్తే అందరూ 'దుఃఖంతో నీరసపడింది' అనుకుని పడుకోబెడతారు. అక్కడే పొరపాటు జరుగుతుంది. మెలకువగా ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్ళీ చూడాలి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యాలి. ఈ మాట పక్కింటివాళ్ళకు కూడా చెప్పి పెట్టండి. తిండి తగ్గిందని డాక్టరుకు చెప్తే మాత్ర మోతాదు ఆయన మారుస్తారు. మీ అంతట మీరు ఆపకండి.

ఇక ఆమె ఎందుకు తినడం లేదంటారా, ముప్పై ఏండ్లుగా ఆ ఇంట్లో పొయ్యి వెలిగే వేళ మీ నాయన చేను నుంచి వచ్చే వేళను బట్టి నడిచి ఉంటుంది. ఇప్పుడు ఆ వేళ లేదు. ఒక్క మనిషి కోసం పొయ్యి ముట్టించ బుద్ధి కాదు. పొద్దున వండిన ఇంత అన్నం, తొక్కు, మజ్జిగతో దినం వెళ్ళదీస్తూ ఉంటుంది. మీరు ఫోన్ చేసి 'తిన్నవా' అంటే 'తిన్న' అంటుంది. ఆ ప్రశ్నకు ఏ తల్లీ వేరే జవాబు చెప్పదు. 'ఇయ్యాల ఏం కూర?' అని అడగండి. జవాబు వెంటనే వస్తే వండినట్టు, తడుముకుంటే వండనట్టు. రోజూ ఒకే వేళకు, పొద్దున ఎనిమిదింటికో రాత్రి ఏడింటికో, ఆమె తినే వేళకు పది నిమిషాల ముందు ఫోన్ చెయ్యండి. ఆ ఫోన్ రావడమే ఆమెకు వండుకునే వేళ అవుతుంది.

ఆకలి చచ్చినవాళ్ళకు అన్నం మెతుకులు మింగుడుపడవు కానీ గటుక దిగుతుంది. ఒక్క మనిషికి అరగ్లాసు జొన్నరవ్వ చాలు. రవ్వను ముందే గ్లాసు చల్లనీళ్ళలో కలిపి పెట్టాలి. వేరే గిన్నెలో ఇంకో గ్లాసున్నర నీళ్ళు మరిగాక, ఇది పోస్తూ కలపాలి. పొడి రవ్వను మరిగే నీళ్ళలో కుమ్మరిస్తే ఉండలు కడుతుంది, లోపల పచ్చి ఉండిపోతుంది. సన్నటి మంట మీద ఇరవై నిమిషాలు, ఉప్పు, ఆ తర్వాత మజ్జిగ, పక్కన ఒక ఉల్లిగడ్డ. ఉడికించిన గుడ్డు ఒకటి జతచేస్తే బలం ఉంటుంది. దశదినకర్మ దాటింది గనక మీ ఇంట్లో నీసు పట్టింపు ఎప్పటిదాకా ఉందో ఆమెనే అడగండి, మీరు నిర్ణయించకండి. వారంలో రెండు రోజులైనా వాడకట్టులో ఒకరితో కలిసి తినేటట్టు ఏర్పాటు చేస్తే ఇంకా మంచిది. మహిళా సంఘం మీటింగుకు వెళ్ళడం మానేసి ఉంటే, సంఘం లీడరుకు మీరే ఫోన్ చేసి, ఈసారి ఇంటికి వచ్చి పిలుచుకుపొమ్మని చెప్పండి. ఒంటరిగా లేచి పోవడం కష్టం, ఎవరైనా పిలవడానికి వస్తే కాలు కదులుతుంది.

ఇక డబ్బు. ఆ ఐదు లక్షలు అమ్మ పేరున అమ్మ ఖాతాలో పడ్డాయి. అవి అమ్మవి. మీరు కానీ, చెల్లె భర్త కానీ, పెదనాయన కానీ వాటి మీద లెక్కలు వెయ్యడం ఇవాళ్టితో ఆగాలి. చెల్లె భర్తకు ఆ మాట మీరే చెప్పండి, చెల్లెతో చెప్పించకండి, ఆమె సంసారం మధ్యలో నలుగుతుంది. 'అమ్మ ఏడాది దాకా ఎవరికీ ఇయ్యదు' అన్న ఒక్క వాక్యం చాలు, కారణాలు చెప్పడం మొదలుపెడితే బేరం మొదలవుతుంది.

నా సలహా ఇది: నాలుగు లక్షలు పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో అమ్మ పేరున వెయ్యండి. ఈ మధ్య దాని వడ్డీ ఏటా 7.4 శాతం. ఆ లెక్కన నెలకు సుమారు 2,466 రూపాయలు ఆమె చేతికి వస్తాయి. చేరే రోజు రేటు మళ్ళీ అడిగి చూసుకోండి, ఆ రోజున్న రేటే ఐదేండ్లూ ఉంటుంది. మొదటి ఏడాదిలో ఈ డబ్బు వెనక్కి తియ్యడానికి వీల్లేదు. ఏడాది దాటి మూడేండ్లలోపు తీస్తే అసలులో 2 శాతం కోస్తారు. మీ ఇంటి పరిస్థితికి ఈ బిగింపే మంచిది, ఎవరు అడిగినా 'పోస్టాఫీసులో ఇరుక్కున్నయి' అని అమ్మ నిజమే చెప్పవచ్చు. మిగిలిన లక్ష మామూలు ఖాతాలో ఉండాలి. పత్తి ఏరే కూలీలు, ఏడాది మాసికం, మందులు అందులోంచే.

బాకీల మాట వేరు. మీ నాయన తీసుకున్న బాకీ తీర్చాలన్న మీ మనసు సరైనదే. కానీ రాసిచ్చిన బాకీ పత్రం, అంటే ప్రామిసరీ నోటు, చూడకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి. ఎవరెవరికి ఎంత ఉందో పెదనాయన నోటిమాటగా చెప్తే చాలదు. ప్రామిసరీ నోటు మీద తేదీ, సంతకం, వడ్డీ, వెనకవైపు ముట్టిన లెక్కలు ఫొటో తీసుకోండి. తండ్రి బాకీకి పిల్లలు బాధ్యులయ్యేది ఆయన నుంచి తమకొచ్చిన ఆస్తి మేరకే. మీ జీతానికీ దానికీ సంబంధం లేదు. అందుకే 'నాయన నోటు చింపి నీ పేరున కొత్తది రాయి' అంటే ఒప్పుకోకండి, రాసిన క్షణం నుంచి అది మీ సొంత బాకీ. నోటు గడువు మూడేండ్లు. గడువు లోపల వెనకవైపు కొంత ముట్టినట్టు రాసి సంతకం పెడితే ఆ రోజు నుంచి మళ్ళీ మూడేండ్లు మొదలవుతుంది. నిజమైన బాకీ అని తేలితే పత్తి డబ్బు వచ్చాక మొత్తం కట్టేసి, అసలు నోటు చేతికి తీసుకోండి.

బ్యాంకులో నాయన ఖాతా ఉంటే ఆయన ఏటీఎం కార్డుతో డబ్బు తియ్యకండి. పిన్ నంబరు ఇంట్లో అందరికీ తెలిసినా సరే. మరణ ధ్రువపత్రం, అమ్మ ఆధార్, క్లెయిము ఫారం ఇస్తే నామినీ ఉన్న ఖాతాను 15 రోజుల్లో పరిష్కరించాలని రిజర్వు బ్యాంకు నియమం. బ్యాంకు ఖాతాకు నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి మాత్రమే, వారసులందరి తరఫున అందుకుంటారు. ఇంకొకటి, ఖాతా పాసుపుస్తకంలో ప్రతి ఏటా మే, జూన్ నెలల్లో 436 రూపాయలు కోసినట్టు ఉందేమో చూడండి. అది జీవన్ జ్యోతి బీమా ప్రీమియం. దానికి రెండు లక్షలు వస్తాయి, కానీ 55 ఏండ్ల దాకానే. మీ నాయనకు 58 గనక అది వర్తించదు. దగ్గరి వాళ్ళలో ఇంకెవరింట్లోనైనా అక్కరకొస్తుందని రాస్తున్నాను, చాలామంది ఈ గీతను గమనించరు. 20 రూపాయలు కోసింది ప్రమాద బీమా, గుండెపోటుకు అది రాదు.

పీఎం కిసాన్ డబ్బు ఆయన పోయాక కూడా ఆయన ఖాతాలో పడితే వాడకండి, తర్వాత వసూలు చేస్తారు. వ్యవసాయ విస్తరణ అధికారికి చెప్పి ఆపించండి.

భూమి దగ్గరికి వద్దాం. మీ ఉత్తరంలో నాయనమ్మ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి దాటేశారు. ఈ మొత్తంలో కొర్రీ పడేది అక్కడే. హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా మనిషి పోతే భార్య, కొడుకులు, బిడ్డలు, బతికున్న తల్లి, అందరూ మొదటి వరుస వారసులు. ఒక్కొక్కరికి ఒక్కో సమాన భాగం. అంటే భూమి మీ నాయన సొంత సంపాద్యమైతే అమ్మ, మీరు, చెల్లె, నాయనమ్మ, నలుగురికీ నాలుగు పాళ్ళు. తాతల నాటి భూమి అయితే లెక్క కొంచెం మారుతుంది. అయినా నాయనమ్మకు, చెల్లెకు పాలు ఉండనే ఉంటుంది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో నాయనమ్మ పేరు రాయకుండా తెస్తే ఇప్పుడు పని తొందరగా అవుతుంది, ఐదేండ్ల తర్వాత పెదనాయన కొడుకులు కోర్టుకు పోతే అంతా తిరగబడుతుంది. ఆమె పేరు రాయించండి. వెళ్ళి ఆమె దగ్గర కూర్చోండి కూడా. కొడుకును పోగొట్టుకున్న తల్లి ఆమె. మీ ఇంట్లో అందరూ అమ్మ దుఃఖం గురించే మాట్లాడుతున్నారు, ఆ ముసలామెను అడిగినవాళ్ళు ఎవరూ లేరని మీ ఉత్తరం చూస్తే అనిపించింది.

నా మాట వింటే, నలుగురూ ఒప్పుకుని భూమిని అమ్మ పేరు మీద ఎక్కించండి. అమ్మకు 54 ఏండ్లే. రైతుబీమాకు 59 దాకా అర్హత ఉంది. పట్టాదారు పాసుపుస్తకం ఆమె పేరున వస్తే ఆ బీమా ఆమెకూ వస్తుంది, రైతు భరోసా ఎకరానికి ఏటా 12 వేలు కూడా ఆమె ఖాతాలోనే పడుతుంది. అంతకంటే ముఖ్యం, తన పేరు మీద భూమి ఉన్న ఆడమనిషిని ఊరు చూసే చూపు వేరు. ఆమె తర్వాత అది ఎట్లాగూ మీకూ చెల్లెకూ వచ్చేదే. చెల్లె ఒప్పుకోకపోతే మాత్రం ఆమె పాలు ఆమె పేరున పెట్టండి. 'పెండ్లికి కట్నం ఇచ్చినం గదా' అన్న మాట నోటి నుంచి రానివ్వకండి. చట్టం ముందు అది నిలబడదు, అన్నాచెల్లెళ్ళ మధ్య మాత్రం బతుకంతా నిలబడుతుంది.

పని నడిచే వరుస: ముందు గ్రామ పంచాయతీ కార్యదర్శి దగ్గర మరణం నమోదైందో లేదో చూడండి. 21 రోజుల్లోపు చెప్పి ఉంటే ఏ రుసుమూ లేదు. 30 రోజులు దాటితే పైఅధికారి అనుమతి కావాలి. పత్రం చేతికి రాగానే ఆధార్, పాసుపుస్తకం, మరణ పత్రం మూడూ పక్కపక్కన పెట్టి పేరు అక్షరం అక్షరం సరిపోల్చండి. ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఒకదాంట్లో వెనక ఉంటుంది, 'రాజయ్య' ఒకచోట 'రాజన్న' అవుతాడు. తేడా ఉంటే మరణ పత్రాన్నే ముందు సరిచేయించండి, మిగతా కాగితాలన్నీ దాన్ని చూసే పుడతాయి. తర్వాత మీసేవలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు, తహసీల్దార్ విచారణ. ఆ తర్వాతే భూమి. భూమి రికార్డుల పోర్టల్ ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతి వచ్చింది, విరాసత్ (వారసుల పేరున భూమి మార్చే) దరఖాస్తు ఇప్పుడు అందులో. సంతకాల రోజు చెల్లె, నాయనమ్మ ఇద్దరూ రావాల్సి ఉంటుంది. నాయనమ్మ వేలిముద్ర పడకపోతే మళ్ళీ తిరగాలి, ముసలివాళ్ళకు ఇది చాలాసార్లు అవుతుంది. వారం ముందే ఆధార్ కేంద్రంలో ఆమె బయోమెట్రిక్ నవీకరించండి. భూమి భాగాల విషయంలో సందేహం ఉంటే అమ్మను తీసుకుని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళండి. ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా వకీలు సహాయం ఉచితం. 15100కు ఫోన్ చేసినా తొవ్వ చెప్తారు.

ఒంటరి మహిళలకూ, భర్త పోయినవాళ్ళకూ ఇచ్చే ఆసరా పింఛను 2,016 రూపాయలకు దరఖాస్తు పెట్టి ఉంచండి. మంజూరు ఎప్పుడవుతుందో చెప్పలేం గనక ఇంటి లెక్కలో ఇప్పుడే కలపకండి.

అమ్మకం సంగతి: ఈ ఏడాది వద్దు. అంత గట్టిగా చెప్తున్నాను. చావు తర్వాత మొదటి ఏడాదిలో అమ్మినవాళ్ళకు సరైన ధర రాదు, కొనేవాళ్ళకు మీ అవసరం తెలుసు. పత్తి ఇప్పుడు కాయ మీద ఉంటుంది. అది ఏరి, అమ్మి, లెక్క తేలే దాకా ఆగండి. ఆ పని అమ్మ చేతుల మీదుగా నడవనివ్వండి. కూలీలను పిలిచేది ఆమె, తూకం దగ్గర నిలబడేది ఆమె, ఎనుమాముల మార్కెట్లో నాయన ఎప్పుడూ వేసే అడ్తిదారుతో మాట్లాడేది ఆమె. మీరు వెంట ఉండండి, అంతే. ఆమెకు ఒక్కటి గుర్తుచెయ్యండి, ఆమెకు తెలిసిందే అయినా: మంచు ఆరాక ఏరాలి, రెండు ఎండలు ఆరబెట్టాలి. సీసీఐ (పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ళు మద్దతు ధర పూర్తిగా ఇచ్చేది తేమ 8 శాతం ఉంటేనే. 12 దాటితే కొనరు. ప్లాస్టిక్ బస్తాల్లో నింపితే వాటి పోగులు పత్తిలో కలిసి ధర కోస్తారు. కౌలుకు ఇచ్చే ఆలోచన ఉంటే ఉగాదికి మాట్లాడుకోవచ్చు, అప్పటికి ఆమె చెయ్యగలదో లేదో ఆమెకే తెలుస్తుంది.

హైదరాబాద్ రమ్మంటే ఎందుకు రావడం లేదో కూడా ఇందులోనే ఉంది. మీరు 'వచ్చి ఉండు' అంటున్నారు, ఆమెకు అది 'ఇల్లు మూసెయ్యి' అని వినపడుతోంది. ఏడాది లోపల ఇంట్లో దీపం ఆరకూడదన్న పట్టింపు కూడా ఉంటుంది. దాన్ని కొట్టిపారెయ్యకండి. పత్తి అయిపోయాక 'పది రోజులకు రా' అనండి. తిరుగు బస్సు టికెట్ ముందే తీసి తేదీ చెప్పండి. ఆ పది రోజులు సందెవేళ దీపం పెట్టే మనిషిని ఆమెనే కుదుర్చుకోమనండి. పదకొండో రోజు ఉండమని బతిమాలకుండా ఎక్కించండి. అట్లయితేనే రెండోసారి అడక్కుండానే వస్తుంది.

బతుకమ్మ. పెత్రమాస నాడే ఎంగిలిపూల బతుకమ్మ కూడా. పొద్దున పోయినవాళ్ళ పేరున బియ్యం ఇస్తాం, సాయంత్రం పూలు పేర్చి ఆడతాం. మన పెద్దలు రెండింటినీ ఒకే రోజున పెట్టుకున్నారు. ఏడాది కానివాళ్ళ పేరు పెత్రమాసలో కలపని ఇండ్లు ఉన్నాయి, కలిపే ఇండ్లూ ఉన్నాయి. మీ అయ్యగారినీ నాయనమ్మనూ అడగండి. చెల్లె విషయంలో అనుమానమే అక్కర్లేదు. పెండ్లై వేరే గోత్రంలోకి వెళ్ళిన ఆడబిడ్డకు తల్లిదండ్రుల మైల మూడు రోజులే. ఏడాది పట్టింపు కొడుకు ఇంటికి, ఆమెకు కాదు. తను తన అత్తగారి ఊళ్ళో ఆడుకోవచ్చు, అమ్మ దగ్గరికి వచ్చి ఉండనూ వచ్చు. వద్దన్న పెద్దమ్మలకు ఈ మాట నెమ్మదిగా చెప్పండి. తప్పకుండా తోలుకురండి. తండ్రి లేని మొదటి బతుకమ్మకు పుట్టింటి నుంచి పిలుపు రాకపోతే ఆ బాధ ఆమె మీకు ఎప్పటికీ చెప్పదు.

అమ్మ ఆడాలా, పక్కన కూర్చోవాలా అన్నది ఆమె ఇష్టం. లాగకండి, ఆపకండి. భర్త పోయిన ఆడమనిషిని పూల దగ్గరికి రానివ్వకపోవడం నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. కానీ మీ ఊళ్ళో నలుగురి ముందు నిలబడాల్సింది ఆమె, కాబట్టి అడుగు ఆమెదే. చేతికి పని మాత్రం ఇవ్వండి. గునుగుపూలు కోసుకురమ్మనండి. తోకలు సమంగా కత్తిరించి కట్టలు కట్టి, రంగునీళ్ళలో ముంచి, చాటలో ఆరబెట్టడం ఒక పూట పని. చెల్లె పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుంటే ఆ పూట గడిచిపోతుంది. సద్దుల నాడు మలీద ముద్దలు ఆమెతోనే చేయించండి.

మీ గురించి. ఏడవకపోవడం లోపం కాదు. కొడుకుగా మీరు పాడె మోశారు, కర్మ చేశారు, ఆ రోజు నుంచి బ్యాంకులు, ఆఫీసులు, చుట్టాల మాటలు. దుఃఖానికి మీరు చోటివ్వలేదు, అంతే. అది ఆరు నెలలకు ఏ బస్టాండులోనో ఆయన నడక వంటి నడక కనిపిస్తే బయటికి రావచ్చు. అసలు కన్నీళ్ళుగా రాక కోపంగా, నిద్రలేమిగా, కడుపు మంటగా కూడా రావచ్చు. ఆయన గొంతు వినపడ్డట్టు అనిపించినా భయపడకండి, ఇంటి మనిషిని పోగొట్టుకున్న చాలామందికి అట్లా అవుతుంది. ఈసారి ఊరికి పోయినప్పుడు ఒక పొద్దు ఎవరినీ వెంట తీసుకుపోకుండా చేనుకు వెళ్ళి, ఫోన్ ఇంట్లో పెట్టి, ఒక గంట గట్టు మీద కూర్చోండి. ఏడుపు రాకపోయినా సరే. మీకు కానీ అమ్మకు కానీ రెండు వారాలకు మించి నిద్ర లేకపోయినా, బరువు బాగా తగ్గినా, 'నేను కూడా పోతే బాగుండు' అన్న మాట ఒక్కసారి వినిపించినా ఆలస్యం చెయ్యకండి. మానసిక సాయానికి ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీ ఉంది.

రెండు పనులకు గడువు దగ్గరపడింది, అవి ఈ వారమే చెయ్యండి. నాయన ఫోన్ నంబరు 90 రోజులు వాడకపోతే కంపెనీ దాన్ని ఆపేసి ఇంకొకరికి ఇవ్వగలదు. బ్యాంకుకు, ఆధార్‌కు ఆ నంబరే కలిసి ఉంటుంది. మరణ పత్రంతో షోరూముకు వెళ్ళి అమ్మ పేరున మార్పించండి. వాట్సాప్ 120 రోజులు తెరవకపోతే ఖాతా పోతుంది, ఆయన పంపిన గొంతు సందేశాలు, ఫొటోలు ముందే వేరే చోట దాచండి. రెండోది, నాయన పేరున బండి ఉంటే ఆర్టీఏకు (రవాణా ఆఫీసుకు) 30 రోజుల్లోనే తెలిపి ఉండాలి, మూడు నెలల్లో ఫారం 31తో పేరు మార్చుకోవాలి. ఆ గడువు దాటాక అదే బండి మీద ప్రమాదం జరిగితే బీమావాళ్ళతో పేచీ వస్తుంది. తహసీల్ ఆఫీసులో నాయనమ్మ పేరు దగ్గర ఏదైనా అభ్యంతరం పెడితే, వాళ్ళిచ్చిన కాగితం ఫొటో తీసి మళ్ళీ రాయండి.